శివనసముద్రం కరెంటు కోలారు గనుల దాకా వచ్చింది, పక్కనే ఉన్న మన ఊళ్లకెందుకు రాలేదు?

విభాగం: చరిత్ర – ప్రయాణాలు

పలమనేరు_బాటసారి (చిత్తూరు)

అందరికీ నమస్తే. దసరా సెలవుల్లో పిల్లల్ని తీసుకుని తలకాడు, సోమనాథపురం, శివనసముద్రం చూసి రావాలని అనుకుంటున్నాం. జలపాతాల గురించి ఎవరిని అడిగినా చెప్తారు. నాకు మాత్రం అక్కడున్న పాత పవర్ హౌస్ మీద ఆసక్తి. కావేరి ఒడ్డున 1902లో మొదలైన జలవిద్యుత్ కేంద్రం అది. అక్కడి కరెంటు మొదట పోయింది మైసూరుకు కాదు, బెంగళూరుకు కాదు, కోలారు బంగారు గనులకు.

నా సందేహం ఇక్కడే. కోలారు గనులంటే మనకు పక్క ఊరే గదా. వి.కోటలో బస్సెక్కితే గంటా గంటన్నరలో దిగొచ్చు. 1902 నుంచే అక్కడ కరెంటు వెలుగుతుంటే, మా నాయన చిన్నప్పుడు కూడా మా పల్లెలో కిరసనాయిలు బుడ్డీలే ఎందుకున్నాయి?

ఇంకొకటి. వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది. ఆసియాలోనే మొట్టమొదటి జలవిద్యుత్ కేంద్రం, ప్రపంచంలోనే అతి పొడవైన కరెంటు లైను, కట్టించింది నాల్వడి కృష్ణరాజ ఒడెయరు అని. ఇందులో ఎంత నిజమో తెలిసినవాళ్లు చెప్పండి.

అలిపిరి_సుబ్బు (తిరుపతి)

అన్నా, కర్ణాటకలో ఉన్న పవర్ హౌస్ గురించి మన జిల్లా గ్రూపులో ఎందుకు? శ్రీశైలం లేదా, సీలేరు లేదా? పైగా అది మొత్తం కలిపి 42 మెగావాట్లే అంట. మన ముద్దనూరు థర్మల్ ఒక్కటే 1650 మెగావాట్లు.

పలమనేరు_బాటసారి

సుబ్బూ, 1902లో ముద్దనూరులో ఎన్ని మెగావాట్లు వచ్చేవో చెప్పు, అప్పుడు మాట్లాడుకుందాం.

రిటైర్డ్_ఏడీఈ (తిరుపతి, కొర్లగుంట)

బాటసారి గారూ, మంచి ప్రశ్న వేశారు. నేను విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన మనిషిని. సర్వీసులో ఉండగానే అనుమతి తీసుకుని ఆ పవర్ హౌస్ చూశాను. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

శివనసముద్రం దగ్గర కావేరి రెండు పాయలుగా చీలుతుంది. ఒక పాయ గగనచుక్కిగా, ఇంకోటి భరచుక్కిగా కిందికి దూకుతుంది. జలపాతాలకు ఎగువనే నదికి అడ్డంగా చిన్న ఆనకట్ట వేసి, అక్కడి నుంచి కాలువ తవ్వి నీటిని కొండ అంచు దాకా తెచ్చారు. ఆ అంచు మీద నీరు నిలబెట్టే తొట్టి ఉంటుంది, దాన్ని ఫోర్‌బే అంటాం. అక్కడి నుంచి ఇనుప గొట్టాలు, అంటే పెన్‌స్టాకులు, లోయ అడుగుకు దిగుతాయి. పై నీటిమట్టానికీ కింద టర్బైన్లకూ తేడా సుమారు 400 అడుగులు. పవర్ హౌస్ లోయ అడుగున, నది పక్కనే ఉంటుంది. పైనుంచి కిందికి పట్టాల మీద నడిచే ట్రాలీ ఉంది. వించ్ తాడు పట్టుకుని ఏటవాలుగా దించుతుంది. మొదటిసారి ఎక్కినవాళ్లకు కాస్త టెన్షనే. ఆ చోటును ఇప్పటికీ 'బ్లఫ్' అనే పిలుస్తారు.

మొదట పెట్టినవి 720 కిలోవాట్ల యూనిట్లు ఆరు. మొత్తం 4.3 మెగావాట్లు. టర్బైన్లు స్విట్జర్లాండులోని ఎషర్ వీస్ కంపెనీవి, జనరేటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లవి. 1902 జూన్ 30న కరెంటు కోలారుకు పోయింది. లైను పొడవు 92 మైళ్లు, అంటే సుమారు 148 కిలోమీటర్లు.

4.3 మెగావాట్లంటే సుబ్బు గారికి నవ్వొస్తుంది. కానీ ఒక లెక్క చూడండి. 400 అడుగుల ఎత్తు, అప్పటి యంత్రాలకు 75 శాతం సామర్థ్యం అనుకుంటే, ఆ ఆరు యూనిట్లూ పూర్తిగా నడవడానికి 170, 180 క్యూసెక్కుల నీళ్లు చాలు. వానాకాలంలో కావేరి వేల క్యూసెక్కుల్లో పారుతుంది. కష్టమంతా నీళ్లతో కాదు, ఆ కరెంటును 148 కిలోమీటర్లు మోసుకుపోవడంతో.

ఈఈఈ_ఫైనలియర్ (ఎస్వీ యూనివర్సిటీ)

సార్, ఎంత వోల్టేజిలో పంపారు? అప్పట్లో ఇన్సులేటర్లు (తీగను స్తంభానికి తగలకుండా పట్టుకునే పింగాణీ గిన్నెలు) ఆ వోల్టేజిని తట్టుకున్నాయా?

రిటైర్డ్_ఏడీఈ

సుమారు 35 వేల వోల్టులు నాయనా. జనరేటర్ దగ్గర 2200 వోల్టులే పుట్టేది. ట్రాన్స్‌ఫార్మర్లతో పెంచి పంపి, గనుల దగ్గర మళ్లీ దించేవాళ్లు.

ఎందుకు పెంచాలో నువ్వే లెక్క వేసుకో. గనులకు ఒప్పుకున్నది 4 వేల హార్స్‌పవర్, అంటే ఇంచుమించు 3 మెగావాట్లు. త్రీఫేజ్‌లో 2200 వోల్టుల మీదే పంపితే తీగలో 800 ఆంపియర్లకు దగ్గరగా పారాలి. 35 వేల మీద పంపితే 50 ఆంపియర్లు. కరెంటు పదహారో వంతుకు తగ్గితే, అదే తీగలో నష్టం 250వ వంతుకు తగ్గుతుంది. వోల్టేజి పెంచకుండా 148 కిలోమీటర్లు పంపాలని చూస్తే పుట్టిన కరెంటంతా దారిలో తీగలు వేడెక్కడానికే సరిపోయేది, గనులకు చేరేది ఏమీ ఉండేది కాదు.

ఇప్పుడు మన ఊళ్లలో పొలాల పక్కన పోయే 33 కేవీ లైను చూస్తుంటాం గదా, దాదాపు అదే వోల్టేజి. ఇప్పుడు ఆ లైను కింద మేకలు మేపుకుంటారు. 1902లో ఇంజనీర్లకు అది చేతులు వణికే పని.

చరిత్ర_అమ్మణ్ణి (మదనపల్లె)

నేను హిస్టరీ లెక్చరర్‌ని. వాట్సాప్ మెసేజ్ సంగతి నేను తేలుస్తాను.

"ఆసియాలో మొట్టమొదటిది" అన్నది తప్పు. జపాన్‌లో క్యోటో దగ్గర బివా సరస్సు కాలువ మీద కెయాగె కేంద్రం 1891లోనే మొదలైంది. మన దేశంలో కూడా మొదటిది శివనసముద్రం కాదు, డార్జిలింగ్ దగ్గర సిద్రాపాంగ్. 1897 నవంబరులో మొదలైంది. అది 130 కిలోవాట్లే, ఊరి దీపాలకు సరిపోయేంత. కాబట్టి శివనసముద్రాన్ని మన దేశంలో మొదటి పెద్ద జలవిద్యుత్ కేంద్రం అనండి, దూరానికి హైవోల్టేజిలో కరెంటు పంపిన తొలి కేంద్రం అనండి. ఆ మాట నిలబడుతుంది.

"ప్రపంచంలోనే పొడవైన లైను" కూడా నిలబడదు. కాలిఫోర్నియాలో కోల్గేట్ పవర్ హౌస్ నుంచి ఓక్లాండ్ దాకా 142 మైళ్ల లైను 1901లోనే వేశారు. మనది 92 మైళ్లు. ప్రపంచంలోని పొడవైన లైన్లలో ఒకటి అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

మూడోది మహారాజు విషయం. పథకం మొదలైనప్పుడు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు మైనరు. తండ్రి చామరాజేంద్ర ఒడెయరు 1894లో పోయారు. తల్లి వాణీవిలాస సన్నిధాన మహారాణి రీజెంటుగా, అంటే కొడుకు పెద్దయ్యేదాకా ఆయన తరఫున, రాజ్యం నడిపారు. కరెంటు వచ్చింది జూన్ 30న, ఆయన చేతికి అధికారం వచ్చింది అదే సంవత్సరం ఆగస్టులో. కాబట్టి పేరు చెప్పాలంటే ముందు మహారాణిది, తర్వాత దివాన్ కె. శేషాద్రి అయ్యర్‌ది చెప్పాలి. ఆయన 1883 నుంచి 1901 దాకా దివాన్. ఈ పథకాన్ని పట్టుబట్టి నడిపింది ఆయనే. పని పూర్తవడం చూడకుండానే 1901 సెప్టెంబరులో చనిపోయారు. ఇప్పుడు ఆ కేంద్రానికి ఆయన పేరే పెట్టారు.

ఇంజనీరు కెప్టెన్ జోలీ డి లోట్‌బినియేర్. పుట్టింది కెనడాలో, పనిచేసింది బ్రిటిష్ సైన్యంలోని రాయల్ ఇంజనీర్స్‌లో. తర్వాత కాశ్మీరుకు వెళ్లి జీలం మీద మోహురా పవర్ హౌస్ కట్టించింది కూడా ఆయనే.

అలిపిరి_సుబ్బు

అక్కా, మెసేజ్‌లో ఒక్క ముక్క కూడా మిగల్చలేదు గదా మీరు!

చరిత్ర_అమ్మణ్ణి

నది పేరు కావేరి అన్నది మాత్రం కరెక్టే సుబ్బూ.

కుప్పం_కోడలు (గుడుపల్లె)

బాటసారి అన్న అడిగిన ప్రశ్న పక్కకు పోతోంది. నాకు తెలిసింది చెప్తాను.

మా తాత (అమ్మ వాళ్ల నాయన) కోలారు గనుల్లో పనిచేశాడు. మా వైపు ఊళ్ల నుంచి చాలామంది పోయేవాళ్లు. కుప్పంలో రైలెక్కి బంగారుపేటలో దిగి, అక్కడి నుంచి మారికుప్పం బండి పట్టుకునేవాళ్లు. తెలుగువాళ్లు, తమిళవాళ్లు కలిసే ఉండేవాళ్లు కూలీ లైన్లలో, అంటే కూలీల గుడిసెల వరసల్లో. తాతకు తమిళం ఇంట్లో భాష మాదిరి వచ్చేది.

మా అవ్వ పెళ్లయి అక్కడికి కాపురానికి పోయినప్పుడు మొదటిసారి కరెంటు దీపం చూసిందంట. గని దగ్గర, మిల్లుల దగ్గర, దొరల బంగళాల్లో, క్లబ్బులో దీపాలు. వీళ్లుండే లైన్లలో మాత్రం బుడ్డీలే. "దీపం ఆ పక్క, మేము ఈ పక్క" అనేది అవ్వ. అంటే అన్నా, గనుల పక్కన ఉన్న మన ఊళ్లకు రాలేదని అడుగుతున్నావు, గనుల్లో పనిచేసే కూలోళ్ల గుడిసెకే రాలేదు.

తాత చివరి రోజుల్లో దగ్గుతోనే పోయాడు. రాతి పొడి ఊపిరితిత్తుల్లో చేరిన దగ్గు అది. మా ఊర్లో ఆ తరం మగవాళ్లలో చాలామందికి అదే.

పలమనేరు_బాటసారి

చెల్లెమ్మా, ఇది చదివి కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు. మా పెదనాయన కూడా అక్కడ కొన్నాళ్లు చేశాడని విన్నాను, వివరాలు అడిగి తెలుసుకోవడానికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు.

రిటైర్డ్_ఏడీఈ

కుప్పం అమ్మాయి చెప్పింది నిజం. ఆ కేంద్రం కట్టిందే ఒక్క కస్టమర్ కోసం. ఇప్పటి భాషలో చెప్పాలంటే ముందే అగ్రిమెంట్ రాసుకున్నాకే పునాది తవ్వారు.

గనుల్ని నడిపింది లండన్‌లోని జాన్ టేలర్ అండ్ సన్స్. 1880 నుంచి వాళ్ల చేతిలోనే ఉండేవి. రాయి పిండి చేసే స్టాంపు మిల్లులు, గాలి కంప్రెసర్లు, లోపలి నీటిని తోడే పంపులు అన్నీ ఆవిరి యంత్రాల మీద నడిచేవి. వాటికి కట్టెలు కావాలి, బొగ్గు కావాలి. కోలారు దగ్గర బొగ్గు లేదు. చుట్టుపక్కల అడవులు కట్టెలకే కరిగిపోతున్నాయి. బొగ్గు ఎక్కడి నుంచో రైల్లో రావాలి. కరెంటు ఇస్తాం అనగానే కంపెనీకి లాభం కనిపించింది. మైసూరు సర్కారుకు కరెంటు బిల్లు ఒకవైపు, బంగారం మీద రాయల్టీ ఇంకోవైపు.

ఇప్పుడు మీ ప్రశ్న. 1902లో పలమనేరు, కుప్పం ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉండేవి, మదనపల్లె కడప జిల్లాలో. చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో. అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవి. మైసూరు వేరే సంస్థానం. మైసూరు సర్కారు తన రాజ్యంలోని పల్లెలకే ఇవ్వని కరెంటును సరిహద్దు దాటించి మనకెందుకు ఇస్తుంది? మద్రాసు సర్కారు జలవిద్యుత్తు మొదలుపెట్టింది 1932లో, నీలగిరుల్లోని పైకారా దగ్గర. తర్వాత 1937లో మెట్టూరు. అవి కూడా ముందు పోయింది పట్నాలకు, మిల్లులకు. పల్లెల్లో స్తంభాలు లేచింది స్వాతంత్ర్యం వచ్చాకే. మీ నాయన గారి బుడ్డీకి కారణం సరిహద్దు సగమైతే, ఆ రోజుల్లో పల్లెటూరి ఇంటిని కస్టమర్‌గా ఎవరూ లెక్కపెట్టకపోవడం మిగతా సగం.

అలిపిరి_సుబ్బు

సార్, అంటే లైను కింద ఉన్న ఊళ్లకు కూడా ఇవ్వలేదా? పైనే పోతుంది గదా, ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెడితే అయిపోదా?

రిటైర్డ్_ఏడీఈ

35 కేవీ లైను మీద ఒక ఊరి కోసం సబ్‌స్టేషన్ పెట్టాలంటే ఆ రోజుల్లో ప్రతి సామానూ ఓడలో రావాలి. ఊరంతా కలిసి పది దీపాలు పెట్టుకుంటే ఆ ఖర్చు తిరిగి రాదు. లెక్క అర్థమవుతుంది. న్యాయం అంటావా, అది వేరే సంగతి. ఇప్పుడు కూడా హైవే పక్కన పెద్ద టవర్ల కింద పొలాలున్న రైతులు నన్ను ఇదే అడుగుతారు.

మొదట బాగుపడిన ఊరు బెంగళూరు. 1905 ఆగస్టు 5న అక్కడ కరెంటు వీధిదీపాలు వెలిగాయి. మైసూరు నగరానికి 1908లో. సొంత రాజధాని కంటే ఆరేళ్లు ముందు గనులకు ఇచ్చారంటే ఎవరి అవసరం ముందో తెలుస్తోంది.

ఈఈఈ_ఫైనలియర్

సార్, ఇంకో డౌట్. అప్పట్లో అక్కడ ఫ్రీక్వెన్సీ 25 హెర్ట్జ్ అని చదివాను. 50 ఎందుకు పెట్టలేదు?

రిటైర్డ్_ఏడీఈ

అప్పుడు 50 అన్నది అందరూ ఒప్పుకున్న లెక్క కాదు. 1895లో మొదలైన నయాగరా కేంద్రం 25 హెర్ట్జ్ ఎంచుకుంది. ప్రపంచమంతా అటే చూస్తున్న రోజులు. లోట్‌బినియేర్ అమెరికా, యూరప్ తిరిగి వచ్చినవాడు, సామాను కూడా అమెరికాదే. పెద్ద యంత్రాలు నెమ్మదిగా తిరగాలంటే తక్కువ ఫ్రీక్వెన్సీ అనుకూలం. పొడవైన లైనులో రియాక్టెన్స్ (ఏసీ కరెంటుకు లైను చూపే ఒక రకం అడ్డు) కూడా ఫ్రీక్వెన్సీతో పాటే తగ్గుతుంది, చివర్లో వోల్టేజి పడిపోవడం తక్కువగా ఉంటుంది.

ఇబ్బందల్లా దీపాలతో. 25 దగ్గర బల్బు వెలుగు అదురుతున్నట్టు కంటికి తెలుస్తుంది. మిల్లు మోటారుకు ఆ బాధ లేదు. ఇళ్ల కోసం మొదలుపెట్టి ఉంటే ఇంకో అంకె ఎంచుకునేవాళ్లేమో, ఇది నా ఊహ. పాత యంత్రాలు తీసేసి కొత్తవి పెట్టాక అదీ 50కి మారింది. ఇప్పుడు 3 మెగావాట్లవి ఆరు, 6 మెగావాట్లవి నాలుగు, కలిపి 42. నడిపేది కర్ణాటక పవర్ కార్పొరేషన్.

నీరుగట్టు_నాయుడు (శ్రీకాళహస్తి)

ఎండాకాలం సంగతి ఎవరూ మాట్లాడలేదు. మన స్వర్ణముఖి మాదిరి పూర్తిగా ఎండకపోయినా కావేరి కూడా ఫిబ్రవరి నుంచి మే దాకా బాగా సన్నబడుతుంది. పైన చెప్పింది చిన్న ఆనకట్ట, నీళ్లు నిల్వ ఉంచేది కాదు. మరి గనులు ఏడాది పొడుగునా నడవాలి గదా?

చరిత్ర_అమ్మణ్ణి

అసలు కథ అక్కడే ఉంది నాయుడు గారూ. గనులు ఇంకా కరెంటు అడుగుతున్నాయి, ఎండాకాలంలో నీళ్లు చాలడం లేదు. దానికి మందే కృష్ణరాజసాగరం. మైసూరు దగ్గర ఆ డ్యామ్ పని 1911లో మొదలైంది, 1930ల మొదట్లో పూర్తయింది. మనం దాన్ని మండ్య చెరకు పొలాలతో, బృందావన్ గార్డెన్స్‌తో గుర్తుపెట్టుకుంటాం. మొదటి దశకు డబ్బు పెట్టడానికి సర్కారుకు చూపించిన గట్టి కారణం మాత్రం శివనసముద్రానికి ఏడాదంతా నీళ్లివ్వడమే. చీఫ్ ఇంజనీర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య. పొలాలకు నీళ్లు కావాలంటే ఖజానా ఆలోచిస్తుంది, కరెంటు అమ్మి డబ్బు వస్తుందంటే సంతకం పెడుతుంది. ఆయనకు ఈ సంగతి బాగా తెలుసు.

ఒక విధంగా చూస్తే దక్షిణాదిలో ఇంత పెద్ద డ్యామ్ లేవడానికి కోలారు బంగారం ఒక కారణం. దానికోసం భూమి లోపలికి మూడు కిలోమీటర్లకు పైగా దిగినవాళ్లలో మన కుప్పం, వి.కోట మనుషులున్నారు. ఇది మన జిల్లా గ్రూపులో ఎందుకని సుబ్బు అడిగాడు గదా.

అలిపిరి_సుబ్బు

అక్కా, అడిగింది నేనే, ఒప్పుకుంటున్నాను లెండి. ఇంకా రాయండి, చదువుతున్నాం.

తమిళ_సరిహద్దు (నగరి)

కృష్ణరాజసాగరం వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మా నగరి వాళ్లకు మద్రాసు టీవీలే ఎక్కువ. కావేరి గొడవ మొదలైంది ఈ పవర్ హౌస్‌తోనేనా? కర్ణాటక వాళ్లు చేసింది...

నిర్వాహకుడు

సరిహద్దు గారూ, ఎవరిది తప్పు అనే చర్చ ఇక్కడ వద్దు. పోయినసారి ఏమైందో అందరికీ గుర్తుంది. మిగతా వాక్యం తీసేశాను. చరిత్ర వరకు మాట్లాడుకోండి.

చరిత్ర_అమ్మణ్ణి

చరిత్ర వరకే చెప్తాను. మైసూరు, మద్రాసు మధ్య నదీజలాల ఒప్పందం 1892లోనే ఉంది, పవర్ హౌస్‌కు పదేళ్ల ముందు. కృష్ణరాజసాగరం కోసం 1924లో ఇంకో ఒప్పందం జరిగింది. శివనసముద్రం దగ్గర ఒక విశేషం ఉంది. అక్కడ నదికి ఒక ఒడ్డు మైసూరుది, అవతలి ఒడ్డున కొళ్లేగాల తాలూకా మద్రాసు ప్రెసిడెన్సీలోని కోయంబత్తూరు జిల్లాది. 1956లో రాష్ట్రాలు మారాకే అది మైసూరులో కలిసింది. అందువల్ల ఆ రోజుల్లో అక్కడ నీటిని మళ్లించాలన్నా మద్రాసు మాట అవసరమైంది. పవర్ హౌస్ నీటిని వాడుకుని తిరిగి అదే నదిలోకి వదిలేస్తుంది, పొలాలకు మళ్లించదు. అందుకే దాని మీద పెద్ద తగువు రాలేదు. డ్యామ్ సంగతి వేరు.

కుప్పం_కోడలు

అమ్మణ్ణి మేడమ్, పాలారు గురించి కూడా ఒక మాట. గనులకు కరెంటు కావేరి ఇస్తే, తాగునీళ్లు బేతమంగళం చెరువు ఇచ్చేది. అది పాలారు మీద ఉంది. అదే పాలారు కిందికి వచ్చి మా శాంతిపురం, రామకుప్పం వైపు పారుతుంది. పారాలి అనాలేమో. మేము చూసే నాటికి ఇసుకే.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. మా గుడుపల్లె మండలంలోని చిగురుగుంట, బిసానత్తం గనులూ అప్పుడే ఆగిపోయాయి. పని పోయినవాళ్లు రోజూ పొద్దున రైల్లో బెంగళూరు పోయి రాత్రికి తిరిగొచ్చేవాళ్లు. ఇప్పటికీ కేజీఎఫ్ (కోలారు గనుల ఊరు) నుంచి పొద్దున బండ్లు కిక్కిరిసే పోతాయి. బంగారం తీసేశాక మిగిలిన సైనైడ్ మట్టి గుట్టలు మాత్రం అట్లే ఉన్నాయి, గాలి లేస్తే దుమ్ము ఇళ్లలోకి వస్తుంది.

నీరుగట్టు_నాయుడు

గనులు పోయి ఇరవై ఏళ్లు దాటింది, వాటికోసం కట్టిన పవర్ హౌస్ మాత్రం ఇంకా నడుస్తోంది. నీళ్లకు కస్టమర్ ఎవరైనా ఒకటే.

రిటైర్డ్_ఏడీఈ

42 మెగావాట్లంటే ఇవాళ్టి గ్రిడ్‌లో చాలా చిన్నది, నిజమే. కానీ జలవిద్యుత్ యూనిట్ కొన్ని నిమిషాల్లో లోడ్ అందుకుంటుంది. థర్మల్‌కు గంటలు పడుతుంది. సాయంత్రం అందరూ ఒక్కసారి స్విచ్‌లు వేసే వేళ ఇట్లాంటి పాత కేంద్రాలు కూడా పనికొస్తాయి. ఖర్చంతా ఎప్పుడో వసూలైపోయిన కేంద్రం, నీటికి బొగ్గు బిల్లు లేదు. మరమ్మతులు చూసుకుంటే ఇంకా చాలాకాలం నడుస్తుంది.

నా అభిప్రాయం ఒకటి చెప్తాను. ఇట్లాంటి చోట్లను మ్యూజియం చేయాలని అందరూ అంటారు. వద్దంటాను. తిరిగే టర్బైన్ పక్కన నిలబడితే పాదాల కింద నేల అదరడం తెలుస్తుంది. మ్యూజియంలో రంగు వేసి తాడు కట్టిన టర్బైన్ దగ్గర పిల్లలు సెల్ఫీ తీసుకుని వెళ్లిపోతారు. దాన్ని నడవనివ్వాలి, నెలకు కొన్ని రోజులు స్కూలు పిల్లల్ని లోపలికి తీసుకెళ్లాలి.

ఈఈఈ_ఫైనలియర్

సార్, మా బ్యాచ్ ఇండస్ట్రియల్ టూర్‌కు దీన్ని పెట్టమని హెచ్‌ఓడీ గారిని అడుగుతాం. మామూలుగా ఎప్పుడూ ఏదో ఒక సబ్‌స్టేషన్ చూపించి, సమోసా పెట్టి పంపేస్తారు.

రిటైర్డ్_ఏడీఈ

కాలేజీ లెటర్‌హెడ్ మీద ముందుగా కార్పొరేషన్ వాళ్లకు రాయండి. గేటు దగ్గరికి పోయి అడిగితే పని జరగదు, భద్రతా కారణాలు. పోయినప్పుడు పెన్‌స్టాకుల వరుస పక్కన నిలబడి పైకి చూడండి, 400 అడుగుల హెడ్ (నీరు దిగే ఎత్తు) అంటే ఏమిటో పుస్తకం చెప్పలేనిది అక్కడ తెలుస్తుంది. టర్బైన్ వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ ఎట్లా పనిచేస్తుందో ఆపరేటర్లను అడగండి. ఆ మనుషులకు అడిగేవాళ్లు దొరికితే పండగే.

పలమనేరు_బాటసారి

నా ప్రశ్నకు జవాబు దొరికింది సార్, అందరికీ ధన్యవాదాలు. ఇక ప్రయాణం సంగతి. మాది కుటుంబం, పిల్లలు చిన్నవాళ్లు. పవర్ హౌస్ లోపలికి అనుమతి దొరకడం కష్టమే అనుకుంటున్నా. బయటి నుంచి ఏం చూడొచ్చు? దసరాకు నీళ్లుంటాయా?

తమిళ_సరిహద్దు

ఇది నేను చెప్తాను, దీనికి ఎవరూ తీసేయరు. కారులో అయితే చిత్తూరు, పలమనేరు, ముళబాగల్, కోలారు మీదుగా బెంగళూరు, అక్కడి నుంచి కనకపుర, మళవళ్లి దారి. ముళబాగల్‌లో దోసె తినకుండా పోవద్దు. బెంగళూరులో ఒక రాత్రి ఉండి తెల్లవారుజామున బయల్దేరితే ట్రాఫిక్ బాధ ఉండదు.

జూలై నుంచి అక్టోబరు దాకా నీళ్లు బాగుంటాయి, పైన డ్యాములు వదిలిన రోజుల్లో ఇంకా బాగుంటాయి. ఎండాకాలంలో పోతే రాళ్లే కనిపిస్తాయి, ఉన్న నీళ్లు పవర్ హౌస్ తాగేస్తుంది. గగనచుక్కిని మళవళ్లి వైపు వ్యూ పాయింట్ నుంచి చూడాలి. భరచుక్కి దగ్గర మెట్లున్నాయి. పిల్లల్ని నీళ్లలోకి మాత్రం దించొద్దు. అక్కడ ప్రాణాలు పోయినవాళ్లున్నారు, పైకి ప్రశాంతంగా కనిపించే మడుగుల్లోనే.

చరిత్ర_అమ్మణ్ణి

తిరుపతి, చిత్తూరు వాళ్లు అక్కడ రంగనాథస్వామి గుడి చూడకుండా వస్తే ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు. శ్రీరంగపట్నం ఆదిరంగం, శ్రీరంగం అంత్యరంగం, మధ్యలో ఈ శివనసముద్రం మధ్యరంగం. నది పాయల మధ్య దీవి మీద ఉంది. దీవికి పోయే పాత రాతి స్తంభాల వంతెన కూడా చూడండి, 2018 వరదల్లో కొంత భాగం కొట్టుకుపోయింది. తిరిగొచ్చేటప్పుడు వీలుంటే కోలారు దగ్గర దారి మళ్లి కేజీఎఫ్ మీదుగా రండి. పొద్దున కావేరి దగ్గర లైను మొదలు చూసి, సాయంత్రం దాని చివర చూసినట్టు ఉంటుంది.

కుప్పం_కోడలు

కేజీఎఫ్ వస్తే గనుల లోపలికి పోనివ్వరన్నా, గేట్లు మూసే ఉంటాయి. బయట నుంచి షాఫ్టుల (గనిలోకి దిగే నిలువు బావుల) ఇనుప చట్రాలు, గుట్టలు, పాత బంగళాలు కనిపిస్తాయి. అక్కడి నుంచి పలమనేరు పోవడానికి వి.కోట రోడ్డు పట్టుకోండి, మళ్లీ హైవే దాకా తిరగక్కర్లేదు. చీకటి పడకముందే బయల్దేరండి, సరిహద్దు దగ్గర రోడ్డు బాగాలేదని మా ఆయన చెప్పమన్నాడు.